ఆగిపోయిన రియాక్టర్‌లో ఏం మిగిలింది?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఇలాంటి విషయం వినడానికి ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసల్లో డిగ్రీ పిల్లలున్నారు. వెనక కట్టడాల పనిచేసేవాళ్లు, పాత ఇనుము వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీరు రావడం మంచిదైంది. ఈరోజు మనం మాట్లాడుకునేది ఇనుము గురించి, కాంక్రీటు గురించే.

ఈ బల్ల మీద ఒక కాంక్రీటు కోర్ ముక్క పెట్టాను, చూడండి. గోడలోకి డ్రిల్లు దింపి తీసిన గుండ్రటి ముక్క. దీన్ని దోసకాయ చక్రాల్లా అడ్డంగా కోయించాను. ఎందుకు తెచ్చానో కాసేపట్లో చెబుతాను.

ఒక అణు రియాక్టర్‌ని శాశ్వతంగా ఆపేశారు. ఇంధనం మొత్తం బయటకు తీసేశారు. రేడియోధార్మికతలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా ఆ ఇంధనంతోనే వెళ్లిపోతుంది. మిగిలిన ఆ కాస్త ఎక్కడుంది, ఎంతుంది, ఎన్నాళ్లుంటుంది? ఇది తేలకుండా కూల్చే పని మొదలుపెట్టకూడదు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఇలాంటి నమూనాలు కొలవడంలోనే గడిచింది కాబట్టి ఈ ప్రశ్న అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

మిగిలినదాంట్లో రెండు రకాలున్నాయి. పసుపు దంచితే చేతికి అంటుకుంటుంది, రుద్ది కడిగితే పోతుంది. పైపుల లోపలి గోడలకు పట్టిన రేడియోధార్మిక మడ్డి అలాంటిది. ఆమ్లంతో కడగొచ్చు, గీకొచ్చు. రెండోది పచ్చబొట్టు. ఎంత కడిగినా పోదు, చర్మంలోనే ఉంటుంది. రియాక్టర్ నడిచినన్నాళ్లూ న్యూట్రాన్లు ఉక్కులోకి, కాంక్రీటులోకి దూసుకెళ్లి, అక్కడి మామూలు పరమాణువుల్నే రేడియోధార్మిక పరమాణువులుగా మార్చేస్తాయి. ఆ లోహాన్ని కడగడం కుదరదు, కోయాల్సిందే. ఈరోజు నేను మాట్లాడేది ఈ పచ్చబొట్టు గురించే.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ జపాన్‌లోని జేపీడీఆర్, అంటే జపాన్ పవర్ డెమాన్‌స్ట్రేషన్ రియాక్టర్. తొకాయ్ అనే ఊళ్లో ఉండేది. మరుగునీటి రకం, చిన్న రియాక్టర్, పన్నెండున్నర మెగావాట్ల కరెంటు. 1963 అక్టోబర్ 26న జపాన్‌లో మొట్టమొదటిసారి అణువిద్యుత్తు పుట్టింది అందులోనే. 1976లో ఆగిపోయింది. 1986లో విప్పడం మొదలుపెట్టి, 1996 మార్చికల్లా ఆ చోటుని మామూలు నేలగా చేశారు. రేపు పెద్ద రియాక్టర్లు విప్పాల్సి వస్తుంది, ఆ పని ముందు చిన్నదాని మీద నేర్చుకుందాం అని జపాన్ అణుశక్తి పరిశోధన సంస్థ అనుకుంది. అందుకే కట్టర్ ముట్టుకోకముందే లెక్క వేశారు. తర్వాత నమూనాలు తీసి, ఆ లెక్క ఎంత నిజమో సరిచూసుకున్నారు. వాళ్ల పనిలో నాకు బాగా నచ్చింది ఆ రెండో అడుగు.

సరే, లెక్క ఎలా వేస్తారు? ఒక చిన్న ముక్కతో మొదలుపెడదాం.

కిలో స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. అందులో కోబాల్ట్ ఎవరూ కావాలని కలపరు. స్టీలులో నికెల్ వేస్తారు. నికెల్ ఖనిజంలో కోబాల్ట్ దానికి తోబుట్టువులా ఉంటుంది, ఎంత శుద్ధి చేసినా కొంచెం వెంట వస్తుంది. వెయ్యింట ఒక వంతు ఉందనుకుందాం. అంటే కిలోకి ఒక గ్రాము. అందులో పరమాణువులు ఒకటి తర్వాత ఇరవై రెండు సున్నాలు. కోబాల్ట్‌కి నెమ్మది న్యూట్రాన్లంటే చాలా ఆకలి, ఒకదాన్ని మింగితే రేడియోధార్మిక కోబాల్ట్-60గా మారుతుంది. న్యూట్రాన్‌ని పట్టుకోవడానికి అది చూపే గురి వైశాల్యం 37 బార్న్‌లు. బార్న్ అంటే ఇంగ్లిష్‌లో పశువుల కొట్టం. కేంద్రకం కొలతల్లో అది అంత పెద్ద గురి అని అమెరికా శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. రియాక్టర్ గుండెకాయ దగ్గర, అంటే ఇంధనం ఉండే చోట, చదరపు సెంటీమీటరులోంచి సెకనుకి పది లక్షల కోట్ల న్యూట్రాన్లు పోతున్నాయనుకోండి. ఐదేళ్ల మూడు నెలలు నడిపితే ఆ ఒక్క కిలో స్టీలులో సెకనుకి సుమారు రెండు లక్షల కోట్ల కోబాల్ట్-60 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి.

ఆ సంఖ్య చెబితే మీకేం అర్థమవుతుంది? ఇలా చెబుతాను. ఆ కిలో ముక్కకి మీటరు దూరంలో నిలబడితే, మన దేశంలో అణు ఉద్యోగికి ఏడాదికి సగటున అనుమతించే రేడియేషన్ మోతాదు, 20 మిల్లీసీవర్ట్‌లు, రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి. గ్రాము కోబాల్ట్ చేసే పని ఇది. అదే స్టీలులో గ్రాముకి బదులు పదో వంతే ఉంటే? మోతాదూ పదో వంతే. ఇరవై నిమిషాలు, అరగంట సమయం దొరుకుతుంది. కోసే యంత్రం ఎలాంటిది కావాలి, మనిషి దగ్గరికి వెళ్లొచ్చా, నీళ్లలో ముంచి కోయాలా అన్నది ఆ కాస్త కల్తీ మీద ఆధారపడి ఉంటుంది.

మరి ఆ కల్తీ ఎంతో ఎక్కడ రాసి ఉంది? చిక్కంతా ఇక్కడే. పాత రియాక్టర్లు కట్టిన రోజుల్లో స్టీలు మిల్లు ఇచ్చే సర్టిఫికెట్‌లో కార్బన్, మాంగనీస్, క్రోమియం, నికెల్ ఉండేవి. ఇంజనీరుకి కావలసింది బలం, తుప్పు పట్టకపోవడం. కోబాల్ట్ గడి ఉండేది కాదు. నియోబియం, యూరోపియం లాంటివి ఎవరి ఊహలోనూ లేవు. 1984లో అమెరికా అణు నియంత్రణ కమిషన్ కోసం చేసిన అధ్యయనంలో రకరకాల స్టీళ్లు, కాంక్రీట్లు తెచ్చి ఈ సూక్ష్మ మూలకాల్నే కొలిచారు. స్టెయిన్‌లెస్ స్టీలులో కోబాల్ట్ పదిలక్షల్లో వెయ్యి వంతుల పైచిలుకు, వెసెల్ (రియాక్టర్ గుండెకాయ ఉండే పెద్ద ఉక్కు పాత్ర) కట్టే మామూలు స్టీలులో వంద ప్రాంతంలో తేలింది. అవి సగటులు. ఒక మిల్లుకీ మరో మిల్లుకీ, ఒక హీట్‌కీ (ఒక విడతలో కరిగించి పోసిన స్టీలు) ఇంకో హీట్‌కీ తేడా చాలా ఉంటుంది. సగటు పట్టుకుని లెక్క వేస్తే మన రియాక్టర్ గురించి కాక, ఎక్కడా లేని రియాక్టర్ గురించి లెక్క వేసినట్టు.

ఇక రియాక్టర్ ఎన్నాళ్లు, ఎలా నడిచింది అన్నది. చిల్లికుండ మీకు తెలుసు. పైనుంచి కుళాయి పోస్తుంటుంది, కింద చిల్లిలోంచి కారుతుంటుంది. నీటిమట్టం పెరిగేకొద్దీ కారడమూ పెరుగుతుంది. ఒక దశలో పడేదీ పోయేదీ సమానమై మట్టం ఆగిపోతుంది. రియాక్టర్‌లో ప్రతి ఐసోటోప్‌దీ, అంటే కోబాల్ట్-60 లాంటి ప్రతి పరమాణు రకానిదీ, ఒక కుండ. దాని అర్ధాయువే, అంటే సగం విచ్ఛిన్నమవడానికి పట్టే కాలమే, ఆ చిల్లి. ఇనుములోంచి పుట్టే మాంగనీస్-54 అర్ధాయువు 312 రోజులు, అంటే పెద్ద చిల్లి. దానికి ఆఖరి ఒకటి రెండేళ్లు రియాక్టర్ ఎలా నడిచిందో తప్ప అంతకుముందుది గుర్తుండదు. కోబాల్ట్-60ది 5.27 ఏళ్లు, మధ్యరకం చిల్లి. నికెల్-59ది 76 వేల ఏళ్లు. ఆ కుండకి చిల్లి లేనట్టే, మొదటి రోజు పడ్డ చుక్క కూడా అందులోనే ఉంటుంది. జేపీడీఆర్ లాంటి ప్రయోగ రియాక్టర్ ఏడాదంతా ఒకే తీరున నడవదు, ఆగుతూ సాగుతూ ఉంటుంది. కాబట్టి పాత లాగ్‌బుక్కులు తిరగేసి, ఏ నెలలో ఎంత శక్తి వచ్చిందో రాసుకోవాలి. ఆ లాగ్‌బుక్కుల్ని నేనైతే బంగారంలా దాచమంటాను.

న్యూట్రాన్లు ఎక్కడ ఎన్ని ఉన్నాయన్నది కంప్యూటర్ పని. ఓక్‌రిడ్జ్‌లో తయారైన ఆనిస్న్ అనే ప్రోగ్రామ్ ఒకే దిక్కులో చూస్తుంది, డాట్ రెండు దిక్కుల్లో చూస్తుంది. ఇప్పుడైతే ఒక్కొక్క న్యూట్రాన్ ప్రయాణాన్ని పాచికలేసినట్టు వెంబడించే మాంటే కార్లో పద్ధతులున్నాయి. ఈ లెక్కలు గుండెకాయ దగ్గర బాగానే కుదురుతాయి. దూరం పోయేకొద్దీ పొరపాటు పెరుగుతుంది. పైపులు గోడలోంచి బయటికొచ్చే చోట, వెసెల్‌కీ గోడకీ మధ్య ఖాళీలో న్యూట్రాన్లు సందులోంచి వరదనీళ్లలా పారిపోతాయి. ఒకే దిక్కులో చూసే లెక్కకి ఆ సందు కనబడదు.

ఇప్పుడు ఈ కోర్ ముక్క దగ్గరికి వద్దాం. వెసెల్ చుట్టూ మందపాటి కాంక్రీటు గోడ ఉంటుంది, మనుషుల్ని రేడియేషన్ నుంచి కాపాడే గోడ. లోపలి ముఖం ఇదనుకోండి. ఇక్కణ్నుంచి లోపలికి పోతుంటే జానెడు లోతుకి న్యూట్రాన్లు దాదాపు పదో వంతుకి తగ్గిపోతాయి. ఇంకో జానెడు పోతే నూరో వంతు. ఇందులో మొదటి శత్రువు యూరోపియం. కంకరలో పదిలక్షల్లో ఒక వంతు అటూ ఇటూ ఉంటుంది, అంతే. కానీ దాని న్యూట్రాన్ ఆకలి ముందు కోబాల్ట్ ఆకలి ఏపాటిది, వేల బార్న్‌లు! అది యూరోపియం-152గా మారుతుంది, అర్ధాయువు పదమూడున్నరేళ్లు. మీరు ఏ క్వారీ కంకర వాడారన్నది ముప్పై ఏళ్ల తర్వాత ఇలా బయటపడుతుంది. సున్నపురాయి కంకర ఒక రకం, గ్రానైట్ కంకర ఇంకో రకం. కొన్ని చోట్ల బరువు కాంక్రీటు కోసం ముగ్గురాయి కలుపుతారు. మన మంగంపేట ప్రసిద్ధి దానికే. అందులోని బేరియంలోంచి బేరియం-133 పుడుతుంది, పదిన్నరేళ్లది. కాంక్రీటులో లేశమాత్రం ఉండే లిథియంలోంచి ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, వస్తుంది. అది నీటిలో కలిసి గోడలో అటూ ఇటూ కదులుతుంది కూడా. లోపలి ఇనప చువ్వల్లోని కోబాల్ట్ సరేసరి.

గోడలో ఏ లోతు వరకు రేడియోధార్మిక వ్యర్థం, ఏ లోతు తర్వాత మామూలు కాంక్రీటు? లెక్క పదింతలు తప్పితే గీత జానెడు జరుగుతుంది. రెండు మీటర్ల వ్యాసార్థం, ఐదు మీటర్ల ఎత్తు ఉన్న గోడలో జానెడు మందమంటే సుమారు నలభై టన్నులు, టిప్పర్లలో మూడు నాలుగు లోడ్లు. అనవసరంగా పాతిపెడితే ఖర్చు. పొరపాటున బయటికి వదిలితే అది ఇంకెవరి ఇంటి పునాదిలోనో పడుతుంది. అందుకే ఇలా కోర్ తీసి, చక్రాలుగా కోసి, ఒక్కో చక్రాన్ని పొడిచేసి, డబ్బాలో నింపి జర్మేనియం డిటెక్టర్ మీద పెడతారు. దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. ఒక్కో నమూనాకి గంటల తరబడి లెక్క నడుస్తుంది.

ఆ స్క్రీన్ ముందు నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో. గామా కిరణాల శక్తిని బట్టి స్క్రీన్ మీద శిఖరాలు లేస్తాయి. యూరోపియం-152ది ఒకటి 1408 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర లేస్తుంది. పక్కనే 1461 దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండే పెద్ద శిఖరం పొటాషియం-40ది. అది రియాక్టర్‌ది కాదు, రాతిలో భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గ్రాము కాంక్రీటుకి సుమారు 0.4 బెకరెల్, అంటే సెకనుకి 0.4 విచ్ఛిన్నాలు. మామూలు చవక డిటెక్టర్‌లో ఈ రెండు శిఖరాలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. జర్మేనియంలో విడివిడిగా సూదుల్లా నిలబడతాయి. యూరోపియం-152కి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పిన విడుదల హద్దు, అంటే మామూలు వస్తువుగా బయటికి వదలగలిగే హద్దు, గ్రాముకి 0.1 బెకరెల్. అంటే మనం వెతికేది సహజంగా ఉన్న పొటాషియం కంటే తక్కువ. లోతు చక్రాల్లో ఆ శిఖరం క్రమంగా కుంగిపోయి, ఒక చక్రంలో గడ్డిపరకంత మిగిలి, తర్వాతిదాంట్లో మాయమవుతుంది. గీత అక్కడ గీయాలి.

స్టీలులో ఇంకో చిక్కు. కోబాల్ట్ గామా కిరణాలు బయటికి వస్తాయి కాబట్టి దూరం నుంచే కొలవొచ్చు. నికెల్-63 అలా దొరకదు. నూరేళ్ల అర్ధాయువు, బలహీనమైన బీటా మాత్రమే. ముక్కని ఆమ్లంలో కరిగించి, నికెల్‌ని వేరుచేయాలి. డిగ్రీ ల్యాబ్‌లో నికెల్‌కి డైమిథైల్ గ్లయాక్సిమ్ పరీక్ష చేశారు కదా? ఎర్రగా పేరుకుంటుంది, ఎంత అందమైన ఎరుపు! అదే ఎరుపు ఇక్కడ కూడా. మీరు చేసిన ఆ పరీక్ష పరీక్షల కోసమే అనుకోకండి. ఇలా కొన్ని నమూనాల్లో కోబాల్ట్‌కీ నికెల్‌కీ నిష్పత్తి పట్టుకుంటే, మిగతా ముక్కల్లో కోబాల్ట్ మాత్రం కొలిచి నికెల్‌ని అంచనా వేస్తారు. కానీ ఆ నిష్పత్తి ఒకే స్టీలుకి, ఒకే చోటుకి చెల్లుతుంది. ఒక ప్లేటు నిష్పత్తిని పక్క రకం స్టీలుకి వేసేసి, అది తప్పని తేలాక నెలల పని తిరగజేయడం నా కళ్లతో చూశాను.

కొలతే దేవుడు అని కూడా అనను. హిరోషిమా సంగతి చెబుతాను, అదీ జపానే, అవే ఐసోటోపులు. బాంబు న్యూట్రాన్లు అక్కడి రాళ్లలో యూరోపియం-152ని, ఇనుములో కోబాల్ట్-60ని పుట్టించాయి. అక్కడివాళ్లకి ఎంత రేడియేషన్ సోకిందో చెప్పడానికి 1986లో తయారైన మోతాదు లెక్కలతో పోలిస్తే, కిలోమీటరు దాటాక కొలతలు ఎక్కువ చూపించాయి. లెక్క తప్పా, కొలత తప్పా అని ఏళ్ల తరబడి వెతికారు. దూరపు నమూనాల్లో చాలా వాటికి సంకేతం సహజ నేపథ్యంలో మునిగిపోతోందని, మళ్లీ జాగ్రత్తగా కొలిస్తే తేడా కరిగిపోయిందని చివరికి తేలింది. లెక్క కొలతని నిలదీయాలి, కొలత లెక్కని నిలదీయాలి. ఒక్కదాన్నే నమ్ముకున్న నివేదిక నా దగ్గరికొస్తే నేను సంతకం పెట్టను.

తొకాయ్‌లో ఈ పని చేశాకే కోత మొదలైంది. లోపలి భాగాల్ని నీళ్లలో ప్లాస్మాతో, వెసెల్‌ని నీళ్లలోనే ఆర్క్ రంపంతో, దూరం నుంచి నడిపే యంత్రాలతో కోశారు. గోడలో న్యూట్రాన్లు సోకిన లోపలి పొరని వజ్రపు రంపాలతో విడిగా తీశారు. మొత్తం వ్యర్థం సుమారు 24,400 టన్నులు, అందులో రేడియోధార్మికం 3,770 టన్నులు. ఆ రెండు సంఖ్యల మధ్య తేడా చూడండి. గీత సరిగ్గా గీయగలిగారు కాబట్టే అంత కాంక్రీటు మామూలు కాంక్రీటుగా మిగిలింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: సార్, అరవై, డెబ్బై ఏళ్లు తాళం వేసి వదిలేస్తే అదే తగ్గిపోతుంది కదా?)

మంచి ప్రశ్న అమ్మా. కోబాల్ట్ వరకు నిజమే. యాభై ఏళ్లకి ఏడు వందల్లో ఒక వంతు మిగులుతుంది. కోసేవాళ్లకి చాలా మేలు. కొన్ని దేశాలు అలా ఆగుతున్నాయి కూడా. అయితే నికెల్-63 అప్పటికి సగం కూడా తగ్గదు. నియోబియం-94 అర్ధాయువు ఇరవై వేల ఏళ్లు, గామా కూడా ఇస్తుంది. పాతిపెట్టే చోటు ఎలాంటిదో నిర్ణయించేది అదే. పైగా యాభై ఏళ్లకి ఆ రియాక్టర్‌ని నడిపినవాళ్లెవరూ ఉండరు. ఏ వాల్వు ఎప్పుడు మార్చారో చెప్పే మనిషి ఉండడు. కొలవడానికి సులువైన కోబాల్ట్ కూడా పోతే, కొలవడం కష్టమైనవాటిని దేన్నిబట్టి అంచనా వేస్తాం? నన్నడిగితే ఎప్పుడు కోసినా సరే, నమూనాలు మాత్రం ఆపిన వెంటనే తీసి పెట్టుకోవాలి.

(వెనక వరుస నుంచి: పాత రియాక్టర్ ఇనుము మా దాకా వస్తుందేమోనని టెన్షన్ పడాలా అండీ?)

అడగాల్సిన మాటే అడిగారు. కోబాల్ట్-60 విషయంలోనూ హద్దు గ్రాముకి 0.1 బెకరెల్. అది కొలిచి, కాగితం మీద పెట్టాకే విడుదల చేయాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కుగా అమ్మిన పాత పరికరంలో కోబాల్ట్-60 ఉంది. తెలియక విప్పిన కార్మికుల్లో ఒకరు చనిపోయారు. అది రియాక్టర్ ఇనుము కాదు, కొలవకుండా గేటు దాటిన వస్తువు. మీ యార్డు గేటు దగ్గర రేడియేషన్ మానిటర్ పెట్టించుకోండి. మూడాకుల పసుపు గుర్తు కనబడితే ముట్టుకోకండి, కబురు పంపండి.

(ఇంకో విద్యార్థి: మన దేశంలో ఈ లెక్క ఎక్కడ అవసరం సార్?)

ముంబై ట్రాంబేలో సైరస్ రియాక్టర్ 1960 నుంచి నడిచి 2010 చివర ఆగిపోయింది బాబూ. తారాపూర్ మొదటి రెండు యూనిట్లు 1969 నాటివి. మనకి దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. మన భారజల రియాక్టర్లలో ఇంధనం ఉండే గొట్టాలు, ప్రెషర్ ట్యూబులు, హైదరాబాద్‌లో అణు ఇంధన సముదాయంలో తయారవుతాయి. జిర్కోనియంలో రెండున్నర శాతం నియోబియం కలిపిన మిశ్రమం. ఇందాక చెప్పిన నియోబియం-94 పుట్టేది అందులోనే. ఇక్కడ అది కల్తీ కాదు, బలం కోసం కావాలని కలిపినది, ఎంతుందో కాగితం మీద ఖాయంగా ఉంటుంది. కాబట్టి దాని లెక్క తేలిక. కష్టమంతా కాగితం మీద లేనివాటితోనే. ప్రతి హీట్ నుంచి అరచేతంత ముక్క, దాని నంబరు కొట్టి, న్యూట్రాన్ సోకని చోట ఒక అలమరాలో పెట్టాలి. కాంక్రీటు పోసిన ప్రతి విడతకీ ఒక దిమ్మ. మీలో ఎవరైనా అలాంటి చోట ఉద్యోగానికి వెళితే, మొదటి రోజే ఆ అలమరా ఎక్కడుందో అడగండి. లేదంటే పెట్టించండి.

సమయం అయిపోయిందంటున్నారు. ఈ కోర్ ముక్క ఇక్కడే ఉంచుతాను, వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. భయం లేదు, మామూలు ఇంటి గోడలోంచి తీయించిందే. మూడో చక్రంలో చువ్వ తెగిన చోట మెరుస్తోంది చూడండి, కోబాల్ట్ అందులోనూ ఉంది.